ఉన్నత విద్యలో వీడియో పాఠం, తరగతి బోధన: నూజివీడు నమూనా – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ముందుగా రికార్డు చేసిన వీడియో పాఠాలను తరగతి బోధనకు తోడుగా వాడుకోవడం ఉన్నత విద్యలో ఇప్పుడు సాధారణమైంది. తెలుగునేలపై ఈ పద్ధతిని పెద్ద ఎత్తున, విశ్వవిద్యాలయ స్థాపనతోపాటే ప్రణాళికలో చేర్చుకున్న సందర్భం రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. మామిడి తోటలకు పేరుపొందిన నూజివీడు ఆ విశ్వవిద్యాలయపు తొలి మూడు ప్రాంగణాల్లో ఒకటి. నిపుణుని రికార్డు పాఠం, తరగతిలో మెంటర్, విద్యార్థి చేతిలో ల్యాప్‌టాప్ అనే ఈ ఏర్పాటును రూపకల్పన స్థాయిలో పరిశీలించి, వీడియో పాఠం బోధనగా మారడానికి ఏ షరతులు అవసరమో నిర్ధారించడం ఈ వ్యాస ఉద్దేశం. పాఠాన్ని సరైన చోట ఆపి, విద్యార్థి భాషలో, విద్యార్థి ఎరిగిన లోకంతో ముడిపెట్టగల మనిషి తరగతిలో ఉన్నప్పుడే రికార్డు పాఠం తరగతికి బలమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వీడియో పాఠం, తరగతి బోధన, మెంటర్, నూజివీడు, బోధన మాధ్యమం, ఉన్నత విద్య.

1. ఉపోద్ఘాతం

బోధనలో సాంకేతికత గురించి తెలుగులో జరుగుతున్న చర్చ ఎక్కువగా రెండు కొసల మధ్య ఊగుతోంది. వీడియో పాఠాలు వస్తే మారుమూల విద్యార్థికీ గొప్ప అధ్యాపకులు అందుతారన్నది ఒక వాదం. యంత్రం గురువుకు ప్రత్యామ్నాయం కాలేదన్నది రెండో వాదం. రెండింటిలోనూ నిజముంది. అయితే రెండూ పాఠం ఎవరు చెబుతున్నారన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాయి. రికార్డు పాఠం నడుస్తున్న గదిలో ఏం జరుగుతోంది, విద్యార్థికి అర్థం కాని క్షణంలో ఎవరు కలగజేసుకుంటారు, ఆ కలగజేసుకోవడానికి పీరియడ్‌లో సమయం ఉందా అన్న ప్రశ్నలు వెనుకబడ్డాయి.

ఈ ప్రశ్నలకు నూజివీడు తగిన క్షేత్రం. పూర్వం కృష్ణా జిల్లాలోనూ, 2022 ఏప్రిల్‌ నుంచి ఏలూరు జిల్లాలోనూ ఉన్న ఈ పట్టణంలో రాష్ట్ర ప్రభుత్వం ఒక నివాస సాంకేతిక విద్యా ప్రాంగణాన్ని నెలకొల్పింది. అందులో చేరినవారిలో అధికులు పల్లె బడుల్లో పదో తరగతి పూర్తిచేసిన పిల్లలు. పట్టణ కోచింగ్ సంస్థల దారిలో రాని విద్యార్థికి రికార్డు పాఠం ఏమేరకు తోడ్పడుతుందన్నది ఇక్కడ కేవలం సిద్ధాంత చర్చగా మిగలదు.

2. పూర్వరంగం: ప్రసారం నుంచి రికార్డు పాఠం దాకా

దృశ్య మాధ్యమం ద్వారా బోధన తెలుగువారికి కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు ఏడాదిపాటు నడిచిన ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం (సైట్) ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 గ్రామాలకు కార్యక్రమాలను చేర్చింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. హైదరాబాదులోని నిర్మాణ కేంద్రం తెలుగు కార్యక్రమాలను తయారు చేసింది. పల్లె ప్రేక్షకునికి అతని భాషలోనే విషయం చెప్పాలన్న స్పృహ ఆనాడే ఉంది.

1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. అచ్చుపాఠాలకు తోడు రేడియో, దూరదర్శన్ పాఠాలను వాడుకున్న ఆ సంస్థ అధ్యయన కేంద్రాల్లో సంపర్క తరగతులను కూడా నిర్వహించింది. పాఠం దూరం నుంచి వచ్చినా సందేహం తీర్చడానికి దగ్గరలో ఒక మనిషి ఉండాలన్న గుర్తింపు ఆ తరగతుల్లో కనిపిస్తుంది. 1984 ఆగస్టు 15న యు.జి.సి. ప్రారంభించిన దేశవ్యాప్త తరగతి కార్యక్రమం ప్రధానంగా ఇంగ్లీషులో సాగింది. దానికి అటువంటి తోడు మనిషిని ఏర్పాటు చేయలేదు.

2003లో ఐ.ఐ.టి.లు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి ఎన్.పి.టి.ఇ.ఎల్. పథకాన్ని చేపట్టాయి. 2017 జులైలో స్వయం వేదిక, స్వయంప్రభ చానళ్లు ప్రారంభమయ్యాయి. 2021 మే నెలలో యు.జి.సి. మిశ్రమ బోధనపై భావనాపత్రాన్ని విడుదల చేసి, కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో బోధించవచ్చని సూచించింది. దీంతో వీడియో పాఠం పాఠ్యప్రణాళికలోనే భాగమయ్యే దశకు చేరింది. కాబట్టి పాఠం దొరుకుతుందా అన్నది నేడు ప్రధాన ప్రశ్న కాదు. దొరికిన పాఠాన్ని తరగతి ఎలా వాడుకుంటుందన్నదే పరిశీలించాలి.

3. నూజివీడు నమూనా: రూపకల్పన

ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన 2008 నాటి 18వ చట్టం ద్వారా రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. బాసర, నూజివీడు, ఇడుపులపాయ తొలి ప్రాంగణాలు. జనవ్యవహారంలో ఇవన్నీ ట్రిపుల్ ఐటీలే. గ్రామీణ ప్రాంతాల్లో పదో తరగతిలో ప్రతిభ చూపిన పిల్లలను చేర్చుకుని, రెండేళ్ల ప్రీ-యూనివర్సిటీ, నాలుగేళ్ల బి.టెక్. కలిపి ఆరేళ్ల సమీకృత విద్యను హాస్టల్ వసతితో అందించడం దీని లక్ష్యం. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న కంప్యూటర్ శాస్త్రవేత్త, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి దీని తొలి కులపతి.

తొలి ఏడాది ఒక్కో ప్రాంగణంలో సుమారు 2000 మందిని చేర్చుకున్నారు. ఇంతమందికి, ఒకేసారి, మూడు గ్రామీణ ప్రదేశాల్లో, ప్రతి విషయంలోనూ అనుభవజ్ఞులైన అధ్యాపకులను నియమించడం తేలిక కాదు. వీడియో పాఠాన్ని రూపకల్పనలో చేర్చడానికి గల కారణాల్లో ఇది ముఖ్యమైనది. విషయ నిపుణుడు పాఠాన్ని రికార్డు చేస్తాడు. తరగతిలో మెంటర్ ఉంటాడు. విద్యార్థి ల్యాప్‌టాప్‌తో చూస్తూ, చేస్తూ నేర్చుకుంటాడు. బోధన అనే ఒకే పని ఇక్కడ రెండు చేతుల్లోకి వెళ్లింది: విషయాన్ని వివరించే బాధ్యత రికార్డులోని నిపుణునికి, విద్యార్థిని గమనించి నడిపించే బాధ్యత గదిలోని మెంటర్‌కు.

ఈ రూపకల్పనలో మెచ్చదగిన అంశాలు స్పష్టంగా ఉన్నాయి. మొదటిది సమానత్వం. నూజివీడులోని విద్యార్థికీ బాసరలోని విద్యార్థికీ ఒకే నాణ్యత గల వివరణ అందుతుంది. రెండోది పునరావృత్తి. ప్రత్యక్ష ఉపన్యాసంలో ఒకసారి జారిపోయిన మాట మళ్లీ దొరకదు. రికార్డు పాఠాన్ని రాత్రి హాస్టల్‌లో మరోసారి చూసుకోవచ్చు. ఇంగ్లీషు ఉచ్చారణకు అలవాటు పడని విద్యార్థికి ఇది చిన్న వెసులుబాటు కాదు. మూడోది, మెంటర్ అనే పాత్రకు రూపకల్పనలోనే చోటు కల్పించడం. దేశవ్యాప్త తరగతిలో లేనిదీ, సంపర్క తరగతుల్లో అప్పుడప్పుడు మాత్రమే దొరికేదీ ఇక్కడ రోజువారీ ఏర్పాటైంది.

విమర్శకు గురికావలసిన అంశం కూడా ఈ మెంటర్ పాత్రలోనే ఉంది. మెంటర్ తెర పక్కన నిలబడే పర్యవేక్షకుడా, పాఠాన్ని ఆపగల బోధకుడా అన్న దానిపైనే మొత్తం నమూనా ఫలితం ఆధారపడుతుంది.

4. ఆపగలిగిన పాఠం

ఈ విషయంలో పోల్చి చూడదగిన పూర్వానుభవం ఒకటి ఉంది. 1970లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ గిబ్బన్స్, ఆయన సహచరులు తమ ఇంజనీరింగ్ తరగతుల ఉపన్యాసాలను వీడియో టేపులపై రికార్డు చేసి, శాంటా రోసాలోని హ్యూలెట్-పాకార్డ్ కర్మాగారంలో పనిచేసే ఇంజనీర్లకు పంపారు. మూడు నుంచి పదిమంది దాకా ఉండే చిన్న బృందం ఒక ట్యూటర్‌తో కూర్చుని ఆ టేపును చూసేది. కొన్ని నిమిషాలకొకసారి టేపును ఆపి, విన్నదాన్ని చర్చించి, తరువాతనే ముందుకు సాగేవారు. 1977లో సైన్స్ పత్రికలో వారు ప్రకటించిన వ్యాసం ప్రకారం ఈ బృందాల్లో చదివినవారు విశ్వవిద్యాలయ తరగతి గదిలో అవే ఉపన్యాసాలను ప్రత్యక్షంగా విన్న విద్యార్థులకు తీసిపోకపోగా, వారికంటే మెరుగ్గా రాణించారు.

టేపులోని ఉపన్యాసం ఇద్దరికీ ఒకటే. తేడా వచ్చింది ఆపడంలో. ప్రత్యక్ష ఉపన్యాసంలో చెయ్యెత్తి అధ్యాపకుణ్ణి ఆపడానికి విద్యార్థి జంకుతాడు. టేపును ఆపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి మనసూ నొచ్చుకోదు. ట్యూటర్ మహాపండితుడు కానవసరం లేదనీ, విద్యార్థుల ఇబ్బందిని ఓపికగా వినే గుణం ముఖ్యమనీ ఆ అనుభవం తేల్చింది.

తరువాతి పరిశోధనలూ ఇదే దిశను చూపుతున్నాయి. 2013లో స్పునార్, ఖాన్, షాక్టర్ ప్రకటించిన అధ్యయనంలో 21 నిమిషాల గణాంకశాస్త్ర వీడియో పాఠాన్ని నాలుగు భాగాలు చేశారు. ప్రతి భాగం తరువాత చిన్న పరీక్ష రాసినవారిలో పరధ్యానం, రాయనివారితో పోలిస్తే దాదాపు సగానికి తగ్గింది. 2014లో ఫిలిప్ గువో, జుహో కిమ్, రాబ్ రూబిన్ ఎడ్ఎక్స్ వేదికపైని నాలుగు కోర్సుల్లో 69 లక్షల వీక్షణ సందర్భాలను విశ్లేషించి, ఆరు నిమిషాలకు మించని వీడియోల్లోనే విద్యార్థుల శ్రద్ధ ఎక్కువగా నిలిచిందని గుర్తించారు. తరగతి ఉపన్యాసాన్ని రికార్డు చేసి ముక్కలుగా కోసినంత మాత్రాన అది మంచి వీడియో పాఠం కాదనీ వారు గమనించారు.

ఈ పరిశోధనల వెలుగులో నూజివీడు నమూనాకు ఒక లెక్క ఎదురవుతుంది. 2000 మందిని స్టాన్‌ఫర్డ్ పద్ధతిలో పదిమంది చొప్పున విభజిస్తే 200 బృందాలు, 200 మంది మెంటర్లు కావాలి. అరవైమంది చొప్పున కూర్చోబెడితే 34 తరగతులతో సరిపోతుంది. పదిమందిలో ఎవరి ముఖంలో సందేహం ఉందో కనిపిస్తుంది. అరవైమందిలో కనిపించదు. సమయం విషయంలోనూ ఇంతే. 50 నిమిషాల పీరియడ్‌లో 40 నిమిషాల ఉపన్యాసాన్ని నడిపిస్తే చర్చకు మిగిలేది పది నిమిషాలు. అదే విషయాన్ని ఆరేసి నిమిషాల మూడు భాగాలుగా తయారు చేస్తే 32 నిమిషాలు గదిలోని మనుషుల చేతికి వస్తాయి. కాబట్టి వీడియో నిడివి అన్నది కేవలం సాంకేతిక నిర్ణయం కాదు. మెంటర్‌కు బోధకుడిగా ఎంత చోటు ఇస్తున్నామో చెప్పే కొలత అది.

విద్యార్థి తన ల్యాప్‌టాప్‌లో పాఠాన్ని తానే ఆపుకోగలడు కదా, మెంటర్ ఎందుకన్న వాదం రావచ్చు. తనకు అర్థం కాలేదని తెలిసిన విద్యార్థి మాత్రమే ఆపుతాడు. అర్థమైందని పొరబడినవాడు ఆపడు. ఆ పొరపాటును బయటికి తీసేది ఎదుటి మనిషి అడిగే ప్రశ్న. పునరావృత్తి జ్ఞాపకానికి తోడ్పడుతుంది కాని, తప్పుగా గ్రహించినదాన్ని పదిసార్లు విన్నా అది తనంత తాను సరికాదు.

5. ఆపిన చోట ఏ భాష?

పల్లె బడి నుంచి నేరుగా ఇంగ్లీషు పాఠం ముందు కూర్చున్న విద్యార్థికి విషయం, భాష అనే రెండు భారాలు ఒకేసారి మీద పడతాయి. తెలుగు మాధ్యమంలో పదో తరగతి చదివిన విద్యార్థికి సంభావ్యత అనే అధ్యాయం తెలుసు. నాణెం, పాచిక లెక్కలు చేసినవాడే. తెరమీది ఉపన్యాసకుడు ప్రాబబిలిటీ అని మొదలుపెట్టగానే ఇదేదో కొత్త విషయమని అతడు బెదురుతాడు. ఆ రెండు పదాలూ ఒకటేనని చెప్పడానికి మెంటర్‌కు ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం దొరక్కపోతే, విద్యార్థి తనకు తెలిసినదాన్ని కూడా తెలియనిదానిగా లెక్కవేసుకుంటాడు.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఉన్నత విద్యకు పారిభాషిక పదాలను, పాఠ్యపుస్తకాలను సిద్ధం చేసింది. రాండమ్ వేరియబుల్‌కు యాదృచ్ఛిక చలరాశి అన్న మాట తెలుగు పుస్తకాల్లో స్థిరపడింది. ఇటువంటి పదసంపద ఉన్నా, ఇంగ్లీషు వీడియో పాఠానికీ తెలుగు పదానికీ మధ్య వంతెన వేసే పనిని పాఠం రికార్డు చేసినవారు చేయరు. అది వారి పని అని ఎవరూ అనుకోరు. ఆ బాధ్యత తరగతి గదిదే అవుతుంది.

వీడియోకు తెలుగు అనువాదమో, తెర దిగువన తెలుగు అక్షరాలో జోడిస్తే సమస్య తీరుతుందన్న భావన ఉంది. ఎన్.పి.టి.ఇ.ఎల్. కోర్సుల పాఠ్యాంశాలను భారతీయ భాషల్లోకి, తెలుగుతో సహా, తెస్తున్న ప్రయత్నాలు స్వాగతించదగినవి. అయితే అనువాదం వాక్యాన్ని మార్చగలదు కాని, ఉపన్యాసకుడు ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతున్నాడో మార్చలేదు. అతడు ఎంచుకున్న ఉదాహరణ, వదిలేసిన మెట్టు, శ్రోతకు తెలుసునని భావించిన విషయం అలాగే ఉంటాయి.

2021-22 విద్యాసంవత్సరం నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కోర్సులన్నింటినీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చారు. దీనితో ట్రిపుల్ ఐటీ విద్యార్థి 2008లో ఎదుర్కొన్న స్థితి సాధారణ డిగ్రీ విద్యార్థికీ వచ్చింది. నూజివీడు అనుభవాన్ని ఒక్క ప్రాంగణానికి పరిమితమైన కథగా చూడరాదనడానికి ఇదొక బలమైన కారణం.

6. ఒక పీరియడ్: పూత నుంచి కాయ దాకా

పై చర్చను ఒక ఊహాత్మక పీరియడ్‌తో పరీక్షించవచ్చు. అంశం సగటు ఆశింపు విలువ. ఆరు నిమిషాల వీడియోలో ఉపన్యాసకుడు పాచిక ఆటతో సూత్రాన్ని వివరిస్తాడు: ప్రతి ఫలితాన్నీ దాని సంభావ్యతతో గుణించి, అన్నింటినీ కూడాలి. మెంటర్ అక్కడ పాఠాన్ని ఆపుతాడు.

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ప్రాంతాల విద్యార్థికి పాచిక ఆటకంటే బాగా తెలిసిన జూదం మామిడి తోట. వ్యాపారి తోటను పూత మీదే గుత్తకు మాట్లాడుకుంటాడు. చెట్టునిండా పూసిన పూతలో కాయగా నిలిచేది నూటికి ఒకటి కూడా ఉండదు. తేనెమంచు పురుగు, బూడిద తెగులు, ఈదురుగాలి ఏది ఎప్పుడు వస్తుందో తెలియదు. మెంటర్ ఇలా ఒక లెక్క ఇవ్వవచ్చు. కాపు బాగా నిలిస్తే వ్యాపారికి 4 లక్షల లాభం, అందుకు సంభావ్యత 0.5. మధ్యస్థంగా ఉంటే లక్ష లాభం, సంభావ్యత 0.3. గాలివానకు కాయ రాలిపోతే 5 లక్షల నష్టం, సంభావ్యత 0.2. విద్యార్థులు సూత్రాన్ని వాడి 2 లక్షలు, 30 వేలు కూడి, లక్ష తీసివేసి, 1 లక్షా 30 వేలు అని తేలుస్తారు.

అసలు బోధన ఆ తరువాత మొదలవుతుంది. ఏ సంవత్సరంలోనైనా ఆ వ్యాపారి చేతికి సరిగ్గా 1 లక్షా 30 వేలు వస్తాయా? రావు. మరి ఆ సంఖ్యకు అర్థమేమిటి? ఎన్నో తోటలు, ఎన్నో ఏళ్లు తీసుకునే పెద్ద వ్యాపారికి అది సగటుగా పనికివస్తుంది. మొత్తం పెట్టుబడే 3 లక్షలున్న చిన్న వ్యాపారి మొదటి ఏడే గాలివానకు చిక్కితే రెండో ఏడు తోట పట్టలేడు. అదే సంఖ్య ఇద్దరికీ ఒకే సలహా ఎందుకు ఇవ్వదన్న ప్రశ్న నుంచి విచలనం అనే తదుపరి భావనకు తరగతి సహజంగా చేరుతుంది. అప్పుడు రెండో వీడియో భాగం మొదలవుతుంది. విద్యార్థి ఆ పాఠాన్ని తనకు అవసరమైన జవాబుగా వింటాడు.

ఈ ఉదాహరణను వీడియోలోనే పెట్టవచ్చు కదా అంటే, పెట్టవచ్చు. అప్పుడు అది బాసర విద్యార్థికీ ఒంగోలు విద్యార్థికీ అంత దగ్గరగా ఉండకపోవచ్చు. అందరికీ ఒకటిగా అందవలసింది సూత్రం, దాని నిరూపణ. ప్రాంతాన్ని బట్టి మారవలసింది ఉదాహరణ, ప్రశ్న, సంభాషణ. మొదటిదాన్ని రికార్డు చేయాలి, రెండోదాన్ని తరగతికి వదలాలి. వీడియోకు, తరగతికి మధ్య ఇంతకంటే హేతుబద్ధమైన పని విభజన కనిపించదు.

7. పరిమితులు, ప్రమాదాలు

ఈ పద్ధతిలో మూడు ప్రమాదాలు గుర్తించదగినవి. మొదటిది పొదుపు దృష్టి. వీడియో ఉంది కనుక అధ్యాపక నియామకం అక్కర్లేదన్న ఆలోచన పాలనా వ్యవస్థలకు ఆకర్షణీయంగా తోస్తుంది. పై లెక్కలు చెప్పేది దీనికి విరుద్ధం. వీడియోను సవ్యంగా వాడాలంటే చిన్న బృందాలు, ఎక్కువమంది బోధకులు కావాలి. మెంటర్‌ను తక్కువ స్థాయి ఉద్యోగిగా చూసే సంస్థలో, పాఠాన్ని ఆపి నిపుణుని వివరణలోని లోపాన్ని సరిదిద్దే చొరవ అతనికి రాదు.

రెండోది రికార్డు పాఠపు స్థిరత్వం. ప్రత్యక్షంగా బోధించే అధ్యాపకుడు ఈ ఏడాది తడబడిన చోటును వచ్చే ఏడాది సరిచేసుకుంటాడు. రికార్డుకు ఆ అవకాశం లేదు. ఏ నిమిషం దగ్గర ఎక్కువ తరగతులు పాఠాన్ని ఆపవలసివచ్చిందో మెంటర్లు నమోదు చేసి పంపితే, పాఠకర్త ఆ భాగాన్ని మళ్లీ రికార్డు చేయగలడు. ఈ తిరుగుదారి లేని వీడియో నిధి ఏళ్లు గడిచేకొద్దీ పాతబడుతుంది.

మూడోది అందుబాటు. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా విద్యాసంస్థలు మూతపడి విద్యార్థులు ఊళ్లకు చేరినప్పుడు ప్రత్యక్ష ఆన్‌లైన్ తరగతులకు సిగ్నల్, డేటా అడ్డుపడ్డాయి. ముందే దింపుకుని చూసుకోగల రికార్డు పాఠం ఆ విషయంలో నయం. అయితే ఆ కాలం మరో సంగతినీ బయటపెట్టింది. పాఠం చేరినా పక్కన అడిగే మనిషి లేనప్పుడు చదువు సాగడం కష్టమైంది.

నూజివీడులోని ధర్మ అప్పారావు కళాశాల వంటి డిగ్రీ కళాశాలల పరిస్థితి దీనికి భిన్నం. అటువంటి చోట తరగతిలో నిలబడేవాడు విషయ అధ్యాపకుడే. అక్కడ వీడియో అతని వివరణకు బదులు రానక్కర్లేదు. ప్రయోగశాలలో లేని పరికరాన్ని, కంటికి కనిపించని కణ చలనాన్ని, దూరప్రాంతపు నేలను చూపడానికి అది తోడుపడితే చాలు. ఎక్కడ అవసరమో, ఎంతసేపు అవసరమో నిర్ణయించే అధికారం ఆ అధ్యాపకునిదే కావాలి.

8. ముగింపు – ఫలితాంశాలు

1. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ నమూనాలోని విలువైన అంశం వీడియోకు మెంటర్‌ను జతచేయడం. సంపర్క తరగతుల ఆలోచనకు ఇది రోజువారీ రూపం.

2. రికార్డు పాఠపు ఫలితం దాన్ని ఆపే అవకాశంపై ఆధారపడుతుంది. పాఠం చిన్న భాగాలుగా ఉండటం, బృందం చిన్నదిగా ఉండటం, ఆపే అధికారం మెంటర్‌కు ఉండటం అనే మూడు షరతులు కలిసి నెరవేరాలి.

3. ఇంగ్లీషు మాధ్యమ వీడియో పాఠంలో తెలుగుకు సహజమైన స్థానం ఆపిన చోట జరిగే సంభాషణ. పారిభాషిక పదాల మధ్య వంతెన వేయడంలో మెంటర్లకు శిక్షణ ఇవ్వాలి.

4. సూత్రం అందరికీ ఉమ్మడిగా రికార్డు కావాలి, ఉదాహరణ ప్రాంతీయంగా తరగతిలో పుట్టాలి.

5. తరగతి అనుభవం పాఠకర్తకు తిరిగి చేరే ఏర్పాటు ఉండాలి.

పల్లె విద్యార్థికి మేటి అధ్యాపకుని పాఠం అందించాలన్న సంకల్పం ఉన్నతమైనది. ఆ పాఠం అతని గది దాకా చేరడంతో సగం పని మాత్రమే పూర్తవుతుంది. మిగిలిన సగాన్ని గదిలో అతని ఎదురుగా నిలబడిన బోధకుడు పూర్తిచేయాలి. అందుకు తగిన సంఖ్య, శిక్షణ, సమయం, గౌరవం ఆ బోధకునికి కల్పించడాన్ని వీడియో పాఠాల ఖర్చులో భాగంగానే విద్యాసంస్థలు లెక్కించాలి.